పెరడా... పార్కింగా?

హోసూరు: ఇల్లు చూడటానికి వెళ్లినవాళ్లు మొదట ఏం చూస్తారు? హాలు ఎంతుందో చూస్తారు. వంటగదిలో అరలు లెక్కపెడతారు. కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయా అని చూస్తారు. ఈశాన్యం ఎటో అడుగుతారు. తళి రోడ్డు వైపు ఓ కొత్త ఇల్లు చూడటానికి కొడుకు, కోడలితో కలిసి వెళ్లిన 68 ఏళ్ల పెద్దమ్మ మాత్రం ఇవేవీ చూడలేదు. చెప్పులు గడప బయట విడిచి, నేరుగా ఇల్లు దాటుకుని పోయి వెనక తలుపు తీసింది. ఎదురుగా రెండడుగుల సందు. సందు అవతల పక్కింటి గోడ. కింద సిమెంటు.

“కరివేపాకు కూడా కొనుక్కునేదేనారా ఈ కాపురం?” అంది కొడుకుతో.

అంతే. ఆ రోజు బేరం అక్కడితో ఆగింది. ఇంట్లో పంచాయితీ మాత్రం అక్కడే మొదలైంది.

“మా పేర్లు వద్దు, సంగతి మాత్రం రాయండి” అన్నారు ఆ ఇంటివాళ్లు. ఎందుకంటే ఇది వాళ్ల ఒక్కరిదే కాదు. పల్లెలో పెరడున్న ఇంట్లో పుట్టి, పట్నంలో బాడిగ ఇంట్లో పిల్లల్ని పెంచుతూ, అప్పు చేసి సొంతిల్లు కొందామని తిరిగే ప్రతి ఇంట్లోనూ ఈ మాట వస్తోంది. ఉన్న డబ్బుకు గది తీసుకోవాలా, మన్ను తీసుకోవాలా?

14 సెంట్లు అమ్మితే...

కొడుకుది బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే తిరిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటుతుంది. కోడలు హోసూరులోనే ఓ బడిలో టీచరు. పాపకు 11 ఏళ్లు, బాబుకు 6. పదేళ్లుగా బాడిగ ఇల్లే. పెద్దమ్మ బాగలూరు దాటాక ఉన్న పల్లెలో ఒంటరిగా ఉంటోంది. ఇంటి స్థలం 14 సెంట్లు. చింతచెట్టు, రెండు కొబ్బరి చెట్లు, అరుగు, పశువులు లేని పశువుల కొట్టం. మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఒంటరిగా ఉంచలేని పరిస్థితి.

హోసూరులో ఇల్లు కొనాలంటే బ్యాంకు అప్పు ఒక్కటే చాలదు. పల్లె ఇల్లు అమ్మాలి. 14 సెంట్లంటే దాదాపు 6,100 చదరపు అడుగులు. దాన్ని అమ్మి, పైన అప్పు తెచ్చి కొనేది ముప్పై-నలభై సైటు. అంటే 1,200 చదరపు అడుగులు, రెండు ముప్పావు సెంట్లు. పెద్దమ్మ వెనక తలుపు తీసి చూసిందంటే ఊరికే కాదు. తాను ఇచ్చేదానికి బదులు ఏం వస్తోందో చూసుకుంది.

సైటు 1,200 అడుగులు... మన్ను ఎంత?

హోసూరు ఇలా ఇరుకు కావడానికి కారణాలు అందరికీ తెలిసినవే. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. తర్వాత నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు పెరుగుతూ పెరుగుతూ అత్తిబెలె దాటి మన గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఉద్యోగం, ఇక్కడ ఇల్లు అనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. 2019లో ఊరు కార్పొరేషన్ అయింది. రాగి చేలు, గులాబీ తోటలు ఉన్నచోట సైటు రాళ్లు లేచాయి.

ముప్పై-నలభై సైటులో ఇల్లు కట్టేటప్పుడు ప్లానులో చుట్టూ ఖాళీ చూపిస్తారు. కాగితం మీద అది ఖాళీయే. నేల మీదకొచ్చేసరికి ఏమవుతుంది? వాస్తు ప్రకారం ఉత్తరాన, తూర్పున కాస్త ఎక్కువ వదులుతారు. ఆ ఈశాన్యం మూల సంపు, బోరు వస్తాయి. వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు. ముందు కారుకు పది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు. అదే 160 చదరపు అడుగులు. ఇంకో పక్క మేడ మెట్లు. మిగిలిన సందంతా దుమ్ము లేస్తుందని సిమెంటో, గ్రానైటో. చివరికి మన్ను కనిపించేది తులసికోటలోనే.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఉదాహరణకు చదరపు అడుగు స్థలం 3 వేల రూపాయలు అనుకుంటే, 12 అడుగులు 20 అడుగుల పెరడు 240 చదరపు అడుగులు. అంటే 7 లక్షల 20 వేలు! అంత డబ్బు పోసి కరివేపాకు పెంచుతారా అని నవ్వేవాళ్లున్నారు. నవ్వడంలో తప్పేమీ లేదు. అయితే లెక్క ఇంకో వైపు నుంచి కూడా వేయాలి. సొంత స్థలంలోని ఇంటికి ఒక గది తక్కువైతే, పునాది బలంగా ఉంటే, ఐదేళ్ల తర్వాత పైన వేసుకోవచ్చు. పెరడు తక్కువైతే ఎప్పటికీ తక్కువే. పక్కింటివాళ్లు అమ్మరు.

ఫ్లాటులో ఆకాశం ఎవరిది?

కోడలి మనసు మాత్రం ఫ్లాటు మీద ఉండింది. మూడో అంతస్తులో రెండు పడకగదులు. కింద పిల్లలు ఆడుకునే చోటు, గేటు దగ్గర మనిషి.

“అత్తమ్మ మాట తప్పని నేననను. ఆ వాకిలి రోజూ ఊడ్చేదెవరు? చెత్త ఎత్తేదెవరు? ఆమెకు వంగితే లేవడం కష్టం. ఆయన ఇంటికొచ్చేది రాత్రి. అంతా నా మీదే కదా? నేను ఏడున్నరకు బడికి బయల్దేరాలి” అన్నారామె.

ఈ మాటకు ఇంట్లో ఎవరూ బదులు చెప్పలేదు. పెరడు గురించి ముచ్చటగా మాట్లాడే మగవాళ్లు చాలామంది మరిచిపోయేది ఇదే. పెరడుకు మన్నుతోపాటు చేతులూ కావాలి. చేతులు లేని పెరడు ఆర్నెల్లలో ముళ్లకంప అవుతుంది. దోమలకు, పాములకు ఇల్లవుతుంది.

అయితే ఫ్లాటు తీసుకునేటప్పుడు ఆరుబయలు విషయంలో తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో బాల్కనీ కలవదు. బిల్డరు చెప్పే మొత్తం అడుగుల్లో ఇంటి లోపలిది ఎంత, బాల్కనీ ఎంత, అందరికీ ఉమ్మడిది ఎంత అని విడివిడిగా అడగాలి. మిద్దె, పార్కు, ఆట స్థలం, ఆరుబయట బండ్లు పెట్టుకునే చోటు... ఇవన్నీ అదే చట్టంలో ఉమ్మడి స్థలాల కిందికే వస్తాయి. కాబట్టి “కింది ఫ్లాటు తీసుకుంటే ఈ తోట మీదే” అని నోటిమాటగా చెబితే నమ్మి డబ్బు కట్టకూడదు. పత్రంలో ఏం రాశారో చూసుకోవాలి. తమిళనాడులో ఫ్లాటు కొనేవాళ్లు యూడీఎస్ అని వింటుంటారు. మొత్తం స్థలంలో మన పేరిట వచ్చే అవిభాజ్య వాటా అది. ఆ వాటా మనదే అయినా, అందులో ఏ మూలా మన ఒక్కరిదే కాదు.

ఇక బాల్కనీ. వాళ్లు చూసిన ఫ్లాటులో నాలుగడుగుల వెడల్పు, ఉత్తరం ముఖం. మన ప్రాంతంలో ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య నెలల్లో కాస్త ఉత్తరానికి వాలి వెళతాడు కాబట్టి ఉత్తరం బాల్కనీకి కొంత ఎండ తగులుతుంది. మిగతా కాలంలో చాలావరకు, ముఖ్యంగా మార్గశిర పుష్యాల్లో, అటు నేరుగా ఎండ రాదు. తులసి వాడిపోతుంది. బట్టలు ముక్కవాసన కొడతాయి. తూర్పు బాల్కనీకి పొద్దుటెండ చాలు, పూల మొక్కలు బతుకుతాయి. ఇంటికి వాస్తు చూసేవాళ్లు బాల్కనీకి ఎండ కూడా చూసుకుంటే మంచిది.

మిద్దె తోట... బరువెంత?

పెరడు లేదన్న కొత్త ఇంటి యజమాని దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. “పైన మిద్దె ఉండాది కదా, ఎన్ని మొక్కలైనా పెట్టుకోండి!” అన్నాడు.

మిద్దె తోట మంచిదే. చాలామంది కూరగాయలు పండించుకుంటున్నారు కూడా. కాకపోతే కుండీలు వేరు, మిద్దె మీద నేరుగా మడి కట్టడం వేరు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అడుగు లోతు మన్ను పోసి నీళ్లు పెడితే దాని బరువు దాదాపు 5 టన్నులు. చదరపు మీటరుకు అర టన్ను. మామూలు ఇళ్ల మిద్దె మీద మనుషులు తిరగడానికి ఇంజినీర్లు లెక్కవేసేది చదరపు మీటరుకు 150 కిలోలే. కాబట్టి మడి కట్టాలంటే శ్లాబు వేయకముందే ఇంజినీరుకు చెప్పాలి. కట్టేసిన ఇంట్లో అయితే కొబ్బరి పొట్టు, ఎరువు కలిపిన తేలిక మిశ్రమంతో కుండీలు పెట్టి, వాటిని గోడల మీదకు, దూలాల మీదకు బరువు పడేలా అంచుల వెంబడి సర్దుకోవాలి.

ఆ ఇంట్లో పెద్దమ్మ అడిగింది మాత్రం బరువు గురించి కాదు. “మెట్లెన్ని?” అని అడిగింది. 22 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మిద్దె తోట కంటికి కనిపించే తోటే. చేతికి అందేది కాదు.

ఎదురుగా పార్కు ఉందంటే...

అదే ఇంటికి ఇంకో ఆశ కూడా చూపించారు. లేఅవుట్ నక్షాలో ఇంటికి ఎదురుగా పచ్చరంగు గడి. పార్కు! వెళ్లి చూస్తే ఇసుక కుప్ప, పగిలిన టైల్స్, రెండు ఎద్దులు.

తమిళనాడు నిబంధనల ప్రకారం 10 వేల చదరపు మీటర్లు, అంటే దాదాపు రెండున్నర ఎకరాలు దాటిన లేఅవుట్లలో రోడ్లు పోను పదో వంతు స్థలాన్ని ఉమ్మడి ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు దానపత్రం రాసివ్వాలి. అది రాసిచ్చారా లేదా అన్నది కొనేముందే కనుక్కోవచ్చు. అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను మద్రాసు హైకోర్టు 2016లో నిలిపేసింది. 2017లో ప్రభుత్వం క్రమబద్ధీకరణ పథకం తెచ్చింది. అలా రుసుము కట్టి క్రమబద్ధం చేసుకున్న ప్లాటుకు కాగితాలు సరిపోవచ్చు. అంతమాత్రాన అక్కడ లేని పార్కు పుట్టుకురాదు. పార్కు నడిచి వెళ్లేంత దగ్గర్లో నిజంగా ఉంటే మాత్రం ఇంట్లో ఖాళీ కాస్త తగ్గినా సర్దుకోవచ్చు. పిల్లలకు పరిగెత్తే చోటు, పెద్దలకు నలుగురితో కూర్చునే చోటు దొరుకుతుంది.

ఊరికో లెక్క

ఆరుబయలు అంటే అన్ని ఊళ్లలో ఒకటి కాదు. సరిహద్దుల అవతల ఉన్న మన తెలుగిళ్లకు తలా ఒక లెక్క ఉంది. దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న హోసూరు చల్లని ఊరు, ఇక్కడ గులాబీ కూడా పెరట్లో పూస్తుంది. నలభై డిగ్రీలు దాటే బళ్లారిలో పువ్వు కంటే నీడ ముఖ్యం. పడమటి గోడకు నీడనిచ్చే ఒక్క చెట్టు ఉన్నా సాయంత్రం ఇల్లు చల్లబడుతుంది. బరంపురంలో చెట్టు నాటేముందు తుపాను గుర్తు చేసుకోవాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని చెట్లు కూలాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. యానాంలో గోదావరి వరద లెక్క. 2022 జులైలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అక్కడ పెరడు ఎంత అనేదానికన్నా అరుగు ఎంత ఎత్తు అనేది పెద్ద ప్రశ్న. సోలాపూర్‌లో మన పద్మశాలీల ఇళ్లకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు గుమ్మం ముందు జాగా అంటే కూర్చుని పనిచేసుకునే చోటు. అది తగ్గితే కూలీ తగ్గినట్టే.

అందుకే “ఎంత ఖాళీ ఉండాలి?” అన్నదానికి ఒకటే జవాబు లేదు. “ఈ ఇంట్లో ఎవరికి, ఎప్పుడు, దేనికి కావాలి?” అని అడిగితే జవాబు దొరుకుతుంది.

క్యాలెండర్ వెనక రాసిన లెక్క

హోసూరు ఇంట్లో ఈ ప్రశ్న వేసింది 11 ఏళ్ల పాప. పాత క్యాలెండర్ కాగితం తిప్పి, ఎవరు బయట ఎంతసేపు ఉంటారో గీతలు గీసి రాసింది. నాన్న: ఆదివారం మాత్రమే. అమ్మ: బట్టలారేయడానికి రోజూ పావుగంట. తమ్ముడు: సాయంత్రం రెండు గంటలు, అదీ వీధిలో పిల్లలుంటేనే. తాను: చదువుకోవడానికి గది కావాలి, బయట అక్కర్లేదు. నాన్నమ్మ: పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే వరకు.

ఆ కాగితం చూశాక ఎవరికి ఏం కావాలో తేలింది. కారు కొనాలన్న ఆలోచన ఉంది కానీ కారు ఇంకా లేదు. కంపెనీ బస్సు ఉంది. లేని కారుకు 160 అడుగులు ఎందుకు? కొబ్బరి చెట్టు నాటాలని పెద్దమ్మ ఆశ. కొబ్బరికి కొబ్బరికి మధ్యే 25 అడుగులు వదలాలి, ఇంటి గోడ పక్కన ఎలా కుదురుతుంది? అది ఆమే వద్దంది. ఫ్లాటులో ఊడ్చే పని తగ్గుతుందన్నది నిజమే. రోజుకు ఆరేడు గంటలు ఆరుబయట గడిపే మనిషిని మూడో అంతస్తులో కూర్చోబెడితే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు కోడలే ఆలోచనలో పడ్డారు.

ఇంకో మాట కూడా వచ్చింది. మామూలుగా ఎవరూ పైకి అనరు. పెద్దమ్మే అంది. “రేపు నేను పోతే నన్ను ఏడ పండబెడతార్రా? లిఫ్టులోనా?” కొడుకు కసిరాడు. ఆమె నవ్వింది. కానీ పెళ్లికి పందిరి, పండక్కి ముగ్గు, చావుకు వాకిలి... ఇవి లేని ఇంటిని మన పెద్దవాళ్లు ఇల్లని ఒప్పుకోరు. అది చాదస్తం అని కొట్టేయలేం.

ఇల్లు చూసేటప్పుడు ఇవి మరవొద్దు

* ఒకే ఇంటిని రెండుసార్లు చూడండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. ఎండ ఎటు పడుతోందో తెలుస్తుంది. కుదిరితే వాన పడ్డ మర్నాడు వెళ్లండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో కనిపిస్తుంది.

* సంపు, సెప్టిక్ ట్యాంకు మూతలు ఎక్కడున్నాయో చూసి, అవి పోను మిగిలిన మన్నును టేపుతో కొలవండి.

* గోడ పగుల్లో రావి, మర్రి మొలక కనిపిస్తే చిన్నప్పుడే వేళ్లతో సహా తీయించాలి. మునగ ఇంటికి ఆనించి వద్దు. కొమ్మలు పెళుసు, గొంగళి పురుగులు పడతాయి. కరివేపాకు, నిమ్మ, బొప్పాయి, పందిరెక్కే బెంగళూరు వంకాయ చిన్న పెరటికి సరిపోతాయి.

* బట్టలుతికే బండ నీళ్లు అరటికి పారేలా ఉంటే వేసవిలో సగం చింత తీరుతుంది.

* తమిళనాడులో వాననీటి సంరక్షణ 2003 నుంచి తప్పనిసరి. 600 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 550 లీటర్ల దాకా నీళ్లు. చుట్టూ సిమెంటే ఉంటే అవన్నీ వీధిలోకే పోతాయి. కాస్త మన్ను వదిలితే భూమిలోకి ఇంకుతాయి.

* ఊడ్చేదెవరు, నీళ్లు పోసేదెవరు అన్నది కొనకముందే ఇంట్లో మాట్లాడుకోండి.

చివరికి ఏం కొన్నారు?

కొత్త ఇల్లూ కాదు, ఫ్లాటూ కాదు. రామనాయకన్ చెరువు అవతల పాత వీధిలో ఓ పాత మిద్దె ఇల్లు. సైటు చిన్నది. రెండే గదులు. వంటిల్లు ఇరుకు. కారు వచ్చే దారి లేదు, స్కూటరు మాత్రం పడుతుంది. వెనక మాత్రం 12 అడుగులు 20 అడుగుల మన్ను, ఓ మూల బట్టలుతికే బండ.

ఇందులో అందరూ ఎంతో కొంత వదులుకున్నారు. పాపకు సొంత గది రాలేదు. మూడేళ్లలో పైన గది వేస్తామని తండ్రి మాటిచ్చాడు. పాప ఆ మాటను అదే క్యాలెండర్ కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకుంది. కోడలికి అడిగిన వంటిల్లు రాలేదు. పెరడు ఊడ్చే పని ఆదివారం కొడుకుది, మిగతా రోజులు అత్తమ్మ చేయగలిగినంతే, చేయలేనిది అలాగే ఉండాలని షరతు పెట్టారామె. అందరూ ఒప్పుకున్నారు.

పల్లె ఇల్లు అమ్మారు. చింతచెట్టు కొన్నవాళ్లదైపోయింది. రిజిస్ట్రేషన్ అయిన రోజు పెద్దమ్మ ఆఫీసులో ఏమీ మాట్లాడలేదట. తిరిగొచ్చేటప్పుడు పాత పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో లేచిన రెండు వేరు పిలకలు తవ్వి, మన్నుతో సహా గోనెసంచిలో చుట్టి తెచ్చుకుంది.

మేం వెళ్లిన రోజు ఒకటి ఎండిపోయి ఉంది. రెండోది చిగురు వేసింది. పెద్దమ్మ బండ మీద కూర్చుని చిక్కుడు తీగకు పురికొస కడుతోంది. కోడలు బడికి బయల్దేరుతూ వెనక తలుపు దగ్గర ఆగారు.

“వంటింటికి అరలు ఎప్పుడైనా కొట్టించుకోవచ్చు లెండి” అన్నారు మాతో. తర్వాత అత్తగారి వైపు తిరిగి, “అత్తమ్మా, ఊడ్చవద్దు, ఆదివారం ఆయన ఊడుస్తారు” అని గుర్తుచేసి స్కూటరు తీశారు.

పెద్దమ్మ చీపురు అప్పటికే చీర చాటున ఉంది.